పాత మోటారుబండి పొగసాధనములను తీసివేయవచ్చునా?

సాలూరు లారీల యూరని మీ రెరుగుదురు. విజయనగరమునుండి వచ్చు రహదారి సాలూరు దాటినపిదప కొండనెక్క నారంభించి, పాచిపెంట మండలము మీదుగా ఒడిశాలోని సుంకికిని, అచ్చటినుండి కోరాపుటునకును పోవును. బండి సత్తువను తేల్చు గీటురాయి ఈ ఘాటీయే. కొండ నెక్కలేని బండికి కొందరు మేస్త్రీలు చెప్పు చికిత్స యొకటి గలదు. పొగను శుద్ధిచేయు సాధనములను తీసి పారవేయుటయే యది. దానినిగూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయుదును. నేను స్వయముగా ఆ పని యంచుదాక పోయి మరలివచ్చినవాడను.

నాకు 2011వ సంవత్సరపు డీజిలు కారొకటి కలదు. కొన్నాళ్ల క్రిందట అది ఘాటీ మలుపులలో నల్లని పొగ క్రక్కుచు, బరువులాగలేని యెద్దువలె నిలిచిపోజొచ్చెను. ఒక మేస్త్రీ చూచి, “బాబూ, ఈ దారికి రేకుముక్క అడ్డమెట్టి మూసేస్తే బండి గుర్రంలాగ ఎక్కేస్తాది. పొగగొట్టంలో దిమ్మ కూడా తీసేద్దాం” అనెను. ఖర్చు స్వల్పము. నేను సరేయని, మరునాడు బండి తెచ్చెదనంటిని. ఆ రాత్రి మాత్రము, తయారుచేసినవారు ఆ దారిని ఊరకే పెట్టియుందురా యను సందేహము నన్ను విడువలేదు.

ఆ దారి పని యేమనగా: ఇంజనులో మంట మిక్కిలి వేడెక్కినప్పుడు గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి విషవాయువుగా మారును. దీనిని తగ్గించుటకై, కాలిన పొగలో కొంతభాగమును మరల ఇంజనులోనికే పంపుదురు. ఒకమారు కాలిన వాయువులో ప్రాణవాయువు తక్కువ. అది తిరిగి మండక, మంటలోని వేడిని తాను గ్రహించును. పొయ్యి మిక్కుటముగా మండునపుడు ఇల్లాలు నిప్పులపై బూడిద కప్పుట వంటిదే యిది. ఎంత పొగ పోవలయునో నిర్ణయించుటకు అచ్చట నొక కవాటముండును. మేస్త్రీలు దానిని ఈజీఆర్ అందురు.

ఇక పొగగొట్టములోని దిమ్మ తేనెపట్టువలె సన్నని యరలు గలది. ఆ యరలకు ప్లాటినమువంటి లోహముల పూత యుండును. ఆ పూత తగులగనే కార్బను మోనాక్సైడు వంటి విషములు మార్పుచెంది, చాలవరకు హాని తక్కువైన వాయువులుగా వెలువడును. మనదేశమున 1995 ఏప్రిలు 1 నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. మొదటినుండియు ఇవి లేని పాతబండ్ల మాట వేరు. ఉన్నవానిని తీయుటయే తప్పు.

మరునాడు నేను వేరొక వృద్ధ మేస్త్రీకడకు పోతిని. ఆయన కవాటమును విప్పి చూపెను. అది మసిపట్టి, తెరచినది తెరచినట్లే బిగిసియుండెను. అందుచేత కొండ నెక్కునపుడు మంచిగాలికి మారుగా పొగయే ఇంజనులోనికి పోవుచుండెను. మసి యేల పట్టినది? గాలివడపోత ధూళితో మూసుకొనిపోయినది. గాలి పోవు గొట్టమొకటి చీలియున్నది. రోగ మచ్చట, నింద కవాటముపైన! కవాటమును శుభ్రపరచి, వడపోతను, గొట్టమును మార్పించితిని. పిమ్మట సుంకిదాక ఎక్కడను నిలువక యెక్కితిని.

మొదటి మేస్త్రీ మాట పూర్తిగా అసత్యము కాదు. దారి మూసినచో బండి కొంత చురుకగును, నల్లపొగయు తగ్గును. మోసమంతయు అచ్చటనే యున్నది. కంటికి కనబడు పొగ తగ్గి, కనబడని విషము హెచ్చును. డీజిలు బండ్లకిచ్చు కాలుష్యపత్రమునకై పొగ చిక్కదనమును మాత్రమే కొలుతురు గావున, ఈ దోషము పరీక్షలో సయితము బయటపడకపోవచ్చును. అంతమాత్రమున శ్వాసకోశములు మోసపోవు. ఉబ్బసరోగులకును పసిపిల్లలకును ఈ వాయువు మిక్కిలి చెఱుపు. ఎండలో ఇతరావిరులతో కలిసి ఇది ఓజోనును పుట్టించును. అది పైరుల యాకులను మాడ్చి దిగుబడిని తగ్గించును.

లారీలు గలవారికి మరియొక మాట. ఇటీవలి లారీలలో పెక్కింటికి యూరియా తొట్టి యుండును. అందలి ద్రవము నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది శుద్ధజలము. అది వేడికి అమ్మోనియాగా మారి, పైన చెప్పిన విషమును నత్రజనిగను నీరుగను మార్చును. పొలమున చల్లు యూరియాను బావినీట కలిపి పోసినచో అందలి మలినములు లోపలి దిమ్మను పాడుచేయును. మరికొందరు, యూరియా పోయకయే పోసినట్లు ఇంజనును నమ్మించు చిన్న పెట్టెను తగిలింతురు. అది దొంగలెక్క వంటిది.

చట్టము కూడ దీనిని క్షమింపదు. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము ప్రకారము అనుమతిలేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలలవరకు ఖైదు గాని, మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

పెద్దలారా, మీ యిండ్ల కుఱ్ఱవాండ్రు బండ్లు నడుపుచున్నారు. తీసివేయుమని యెవరైన చెప్పినపుడు, “అది యేల చెడినది?” అని ముందుగా అడుగుమని వారికి చెప్పుడు. ఘాటీలో మనబండి విడుచు గాలినే, వెనుక నడచుచు సంతకు వచ్చు కొండవారును పీల్తురు.