దేశోత్పత్తిలో పాడి రైతు వాటా ఎక్కడున్నది?

ఆ మధ్య ఒక సంఘం మహాజన సభకు హాజరైనాను. ఆడిట్ లెక్కలు చదవడం పూర్తయిన తరువాత ఒక పెద్దాయన లేచి, "ఇన్‌స్పెక్టరు గారూ, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశం ఆదాయంలో సగం వ్యవసాయానిదేనట. ఇప్పుడు అయిదో వంతు కూడా లేదట. అంటే ఇక మన పని అయిపోయినట్లేనా?" అని అడిగారు. ఆ రోజు క్లుప్తంగా చెప్పిన జవాబును సభ్యులందరి కోసం ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

దేశంలో ఏడాది పొడవునా జరిగే ఉత్పత్తిని మూడు రంగాలుగా విడదీసి లెక్క కడతారు. పైరు, పాడి, చేపలు, అడవి సంపద మొదటి రంగం. ఫ్యాక్టరీలు, గనులు, విద్యుత్తు, కట్టడాలు రెండవది. రవాణా, వ్యాపారం, బ్యాంకులు, చదువు, వైద్యం వంటి సేవలు మూడవది. 1950-51లో మొదటి రంగం వాటా సగానికి పైగా ఉండేది. పరిశ్రమలది సుమారు ఆరో వంతు. మిగిలినది సేవలది. 2023-24 నాటికి వ్యవసాయం, దాని అనుబంధ వృత్తుల వాటా నూటికి 18 వంతులకు దిగింది. సేవల వాటా సగం దాటింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తగ్గినది వాటా మాత్రమే, ఉత్పత్తి కాదు. 1950-51లో దేశంలో పండిన ఆహార ధాన్యాలు సుమారు 5 కోట్ల టన్నులు. 2023-24లో 33 కోట్ల టన్నులు. అదే కాలంలో పాలు 1 కోటి 70 లక్షల టన్నుల నుండి దాదాపు 24 కోట్ల టన్నులకు పెరిగినవి. మనం పెరిగాము, ఇతర రంగాలు మనకంటె వేగంగా పెరిగినవి. అంతే.

ఎందుకిలా జరుగుతుంది? రాబడి రెట్టింపయినవాడు రెట్టింపు అన్నం తినడు గదా! మిగిలిన డబ్బు బట్టలకు, సైకిలుకు, పిల్లల చదువుకు, బస్సు చార్జీలకు పోతుంది. జర్మనీ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఏంగెల్ 1857లోనే కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే భాగం తగ్గుతుందని చెప్పారు. అనేక దేశాలలో పనివారు ముందు పొలం నుండి ఫ్యాక్టరీకి, ఆ తరువాత సేవలకు మళ్ళినారని 1940లో కోలిన్ క్లార్క్ అనే ఆర్థికవేత్త లెక్కలతో చూపారు. మన దేశంలో మాత్రం ఫ్యాక్టరీలకంటె సేవలే ముందుకు సాగినవి.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఉత్పత్తిలో వాటా తగ్గినంతగా దాని మీద బ్రతికేవారి సంఖ్య తగ్గలేదు. 2023-24 లెక్కల ప్రకారం పనిచేసే ప్రతి 100 మందిలో 46 మంది ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు. దేశం మొత్తం ఉత్పత్తిని 100 రూపాయలనుకోండి. 18 రూపాయలను 46 మంది పంచుకుంటే తలకు 40 పైసలైనా రావు. మిగిలిన 82 రూపాయలను 54 మంది పంచుకుంటే తలకు రూపాయిన్నర వస్తుంది. పల్లెకూ పట్నానికీ నడుమ ఉన్న తేడాకు ముఖ్య కారణం ఇదే.

మరి మనకు దారి లేదా? ఉన్నది. వ్యవసాయ రంగంలో పాడి పశువులు, కోళ్ళు మొదలైన వాటి వాటా 2014-15లో సుమారు 24 వంతులు. 2022-23 నాటికి 30 వంతులకు చేరింది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఒక లీటరు పాలు మూడు రంగాల గుండా నడుస్తాయి. గేదె పొదుగు నుండి తీసిన పాలు వ్యవసాయపు లెక్కలోకి వస్తాయి. వాటిని డెయిరీలో శుద్ధిచేసి ప్యాకెట్లకు ఎత్తినా, నెయ్యి, పాలపొడి తీసినా ఆ విలువ పరిశ్రమల లెక్కలో పడుతుంది. ట్యాంకరు కిరాయి, బూత్‌లో అమ్మకం సేవల లెక్కలోకి పోతాయి.

పాలను ఇంటి దగ్గరే బయటివారికి పోసే రైతుకు మొదటి ముక్కే దక్కుతుంది. పెరిగే రెండు ముక్కలూ ఇతరులవి. సహకార పద్ధతిలో డెయిరీ కూడా రైతులదే గనుక ఆ రెండింటిలో వచ్చిన మిగులు బోనసు రూపంలో, పాల ధర తేడా రూపంలో తిరిగి సభ్యుని ఇంటికి చేరవలసి ఉన్నది. 1946లో ఖేడా జిల్లా రైతులు ఆనంద్‌లో యూనియన్ పెట్టుకున్నది ఇందుకే.

"చేరవలసి ఉన్నది" అని ఊరికే వ్రాయలేదు. అది తనంత తాను చేరదు. పాలు కల్తీ లేకుండా, చల్లారకముందే కేంద్రానికి తెచ్చి, వెన్న శాతం మీ ఎదుటనే చూపించుకోండి. ధర నాలుగు పైసలు ఎక్కువన్న రోజున బయటికి, మిగిలిన రోజుల్లో సంఘానికి పోయడం మానండి. మహాజన సభకు తప్పక వచ్చి, "మిగులు ఎంత? అందులో సభ్యులకు ఎంత?" అని కార్యవర్గాన్ని నిలదీసి అడగండి.

ఆ పెద్దాయనకు నేను చెప్పినది కూడా ఇదే. వ్యవసాయం వాటా తగ్గడం మన చేతిలో లేదు. మన పాలు వెళ్ళే మిగతా రెండు రంగాలలో మన వాటా నిలుపుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.