రాజధాని లేఖ: జగదల్‌పూర్‌లో రెండు దరఖాస్తులు

ఢిల్లీలో కూర్చుని వరదలను గురించి వ్రాయడం సులభం. నష్టం అంకెలలో అందుతుంది; అంకెలకు బురద వాసన వుండదు. 2025 ఆగస్టు చివరి వారంలో బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలను వరద ముంచెత్తిన తరువాత జగదల్‌పూర్ వెళ్ళినప్పుడు ఈ సంగతి నాకు మరింతగా తెలిసివచ్చింది.

ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు వచ్చి రాజ్యం స్థాపించాడని చెప్పుకొనే సీమ యిది. ఇక్కడ తెలుగు కుటుంబాలకు కొదువ లేదు. అటువంటి ఒక మిత్రుని యింట బస చేశాను. ఆ యింట్లో మోకాలి లోతు నీరు నిలిచి పోయింది. బియ్యం బస్తాలు, పరుపులు, ఫ్రిజ్, కుమార్తె పుస్తకాలు పాడైపోయినవి. వెనుక గోడ బీటవారి వున్నది.

ఇంటికి బీమా వున్నదా అని అడిగాను. వున్నది. గృహ రుణంతో పాటు బ్యాంకువారు చేయించినది. ఏటేటా ప్రీమియం చెల్లిస్తున్నారే గాని కాగితం విప్పి చూసిన పాపాన పోలేదు. క్లెయిము చేయాలా, వద్దా అని దంపతులిద్దరూ మూడు రోజులుగా తర్జనభర్జన పడుతున్నారు.

“ఎదురింటివారి మట్టి యిల్లే కూలిపోయింది. నేను పరుపులకు డబ్బు అడగడమేమిటండీ? పైగా సర్వేయరు వచ్చి దొంగను చూసినట్లు చూస్తాడు,” అన్నారాయన.

“ఇన్నేళ్ళూ కట్టినది దానం కాదు గదండీ,” అన్నారామె.

ఆమె మాటలో న్యాయమున్నది. ఎదురింటివారికి రావలసిన సహాయం ప్రభుత్వ ఖజానా నుంచి, రెవెన్యూ బుక్ సర్క్యులర్ 6-4 ప్రకారం తహసీలుదారు ద్వారా వస్తుంది. బీమా సొమ్ము ఒప్పందం ప్రకారం వచ్చేది. ఒకటి పుచ్చుకుంటే మరొకరిది తరిగిపోదు.

కాగితం విప్పి చదివాము. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలన్నీ అమ్మవలసి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీయే అది. వరద నష్టం దాని పరిధిలోనిదే. భవనంతో పాటు సామగ్రికి కూడా తీసుకున్నవారికి, వస్తువుల జాబితా యివ్వకపోయినా, భవనపు మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షల రూపాయలకు మించకుండా రక్షణ వున్నది. వీరి భవనం 15 లక్షలకు. అంటే సామగ్రికి 3 లక్షలు. కంపెనీకి ఫిర్యాదు చేసినా నెలలోగా జవాబు రాకపోతే భోపాల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా విన్నవించుకోవచ్చును. ఈ నిబంధనలను పర్యవేక్షించే సంస్థ మన హైదరాబాదులోనే వున్నదని చెప్పితే ఆయన ఆశ్చర్యపోయారు.

అయితే రెండు చిక్కులున్నవి. పరుపులు అప్పటికే పారవేశారు. అదృష్టవశాత్తు కుమార్తె ఫోనులో ఛాయాచిత్రాలు తీసివుంచింది. రెండవది గోడ. “అది కూడా వ్రాయమంటారా?” అని అడిగి, ఆయనే కాసేపు మౌనం వహించి, “ఆ బీట వరదకు ముందే వున్నది,” అన్నారు. కాలక్రమాన కలిగిన శిథిలతకు బీమా చెల్లదు. సర్వేయరుకు ఆ సంగతి తెలియకపోవచ్చును. గోడను వదలివేశారు. సర్వేయరు చూపును గురించిన భయం కూడా దానితోనే పోయినట్లు నాకు తోచింది.

బస్తర్‌లో ఎందరికో క్లెయిము చేయాలా వద్దా అనే సందేహమే రాదు. వారి యిళ్ళకు పాలసీ లేదు. ఆ లోటును పూరించే బాధ్యత ఢిల్లీ పెద్దలది. మా మిత్రుడు మాత్రం ఆ రాత్రి రెండు దరఖాస్తులు వ్రాశారు. మొదటిది బీమా కంపెనీకి, తన కోసం. రెండవది హిందీలో, తహసీలుదారుకు, ఎదురింటివారి కోసం.