పాయింట్ల లెక్కలో మధ్యగతం ఎక్కడ?

మన హాస్టల్ నుండి వెళ్ళి కంప్యూటర్ చదువులు చదివిన అన్నలకు, అక్కలకు స్టాక్ ఓవర్‌ఫ్లో పేరు తెలియనిది కాదు. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన ఈ వెబ్‌సైటులో ప్రోగ్రామింగు గురించి ఒకరు అడుగుతారు, తెలిసినవారు జవాబు రాస్తారు. జవాబు బాగుందని ఒక ఓటు పడితే రాసినవారికి 10 పాయింట్లు. అడిగినవారు ఆ జవాబునే ఎంచుకుంటే మరో 15. బాగోలేదని ఓటు పడితే 2 పోతాయి. ఈ మొత్తాన్నే రెప్యుటేషన్ అంటారు. కొత్తగా చేరినవారికి ఉండేది 1 పాయింటు.

ఆ 1ని చూసి చిన్నబుచ్చుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

హాస్టల్‌లో వందమంది ఎత్తు కొలిస్తే ఎక్కువమంది సగటుకు దగ్గరగానే ఉంటారు. పాయింట్లు అలా ఉండవు. ఉదాహరణకు వందమందిలో 90 మందికి ఒక్కొక్కటి, 9 మందికి వందేసి, ఒక్కరికి 10,000 ఉన్నాయనుకుందాం. మొత్తం 10,990. సగటు దాదాపు 110. అంటే 99 మంది సగటుకన్నా తక్కువే! పదవ తరగతి సాంఖ్యక శాస్త్రంలో చదివిన మధ్యగతం తీస్తే 1 వస్తుంది. బాహుళకమూ 1. ఇవి నేను వేసుకున్న అంకెలే గాని, అసలు సైటులోని లెక్క తీరు కూడా ఇదే.

సోదర సైట్లలో ఇంకో తమాషా. ఒక సైటులో 200 దాటినవారు మరోదానిలో చేరితే 100 బోనసు ఇస్తారు. అందుకే అక్కడ సరిగ్గా 101 ఉన్నవారు గుంపుగా కనబడతారు. అది వారు అక్కడ సంపాదించినది కాదు.

ఇంత తేడా ఎందుకు? జవాబు ఒకసారి రాస్తే చాలు, ఓట్లు ఏళ్ళ తరబడి పడుతూనే ఉంటాయి. తేలికైన ప్రశ్నకు మొదట జవాబిచ్చినవారికి లక్షలమంది పాఠకులు. కష్టమైన ప్రశ్నకు రాత్రంతా కూర్చొని రాసినవారికి పదిమంది. పైనున్న జవాబునే అందరూ చదువుతారు, దానికే మళ్ళీ ఓటు వేస్తారు. పేరున్న శాస్త్రవేత్తలకే మరింత పేరు రావడాన్ని రాబర్ట్ మెర్టన్ 1968లో ‘మత్తయి ప్రభావం’ అన్నాడు. ఇదీ ఆ కోవలోనిదే.

అలాగని శ్రమ లేదనను. 2008లో చేరిన జాన్ స్కీట్ 2018 జనవరిలో అందరికన్నా ముందు పది లక్షలు దాటాడు. రోజుకు దాదాపు 290 చొప్పున! ఓట్ల ద్వారా రోజుకు 200 మించి ఇవ్వరు కనుక, ఎంపికైన జవాబులు మొదలైనవి కూడా కలిస్తేనే అది సాధ్యం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇక్కడ కొత్త ప్రశ్నలు బాగా తగ్గాయి. పాతవారి పాయింట్లు అలాగే ఉన్నాయి, కొత్తవారికి సంపాదించే చోటు కుదించుకుపోయింది. ఇంటర్వ్యూలో ఎవరైనా మీ స్కోరు అడిగితే, ఏ సంవత్సరంలో చేరారో కూడా చెప్పండి. మీరు రాసిన మంచి జవాబు ఒకటి తెరిచి చూపించండి.