గుండెపోటు తర్వాత రక్తం చెప్పే కబుర్లు

సినీ నటుడు అక్కినేని నాగేశ్వరరావు 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. ఆ తర్వాతే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు, 2014 దాకా జీవించారు. గుండె రోగి రక్తంలో వాపు ప్రక్రియ ఇంకా ఎంత మిగిలిందో కొలిచే సూక్ష్మ పరీక్ష అప్పటి డాక్టర్లకు లేదు. ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఎవరికైనా గుండెపోటు వస్తే, రిపోర్టుల్లో ట్రోపోనిన్ పక్కన సీఆర్‌పీ, డి-డైమర్ అంకెలు కూడా కనిపించవచ్చు.

మూడూ చెప్పే కబురు ఒకటి కాదు. ట్రోపోనిన్ గుండె కండరంలోని ప్రొటీన్. కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఎక్కడ వాపు పుట్టినా ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్ ద్వారా దానికి వర్తమానం అందుతుంది. 1930లో న్యూయార్క్‌ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ ఈ ప్రొటీన్‌ను మొదట గుర్తించింది న్యుమోనియా రోగుల్లో. డి-డైమర్ అంటే రక్తపు గడ్డ కరిగేటప్పుడు తెగిపడే ఫైబ్రిన్ ముక్క. వయసు మీరినా, ఆపరేషన్ జరిగినా, గర్భిణుల్లోనూ అది పెరుగుతుంది.

సీఆర్‌పీ అయితే రోజులు గడిచేకొద్దీ మారుతుంది. అందుకే రిపోర్టులో అంకె కన్నా ముందు తేదీ చూడాలి.

గుండెపోటు వచ్చిన కొన్ని గంటలకే సీఆర్‌పీ పెరగడం మొదలై, రెండు మూడు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. చచ్చిన కండరాన్ని శరీరం శుభ్రం చేసుకుంటున్న వేళ అది. అప్పటి అంకె గాయం ఎంతటిదో కొంత చెబుతుందే తప్ప, రాబోయే ఏళ్ల గురించి తేల్చేయదు. వారాలు గడిచాక, జలుబూ జ్వరమూ లేనప్పుడు చేయించిన సూక్ష్మ పరీక్ష హెచ్‌ఎస్-సీఆర్‌పీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటి అక్కడే నిలిస్తే, ధమని గోడలోని కొవ్వు పొర ఇంకా రగులుతోందని అనుమానించాలి. ఆ పొర చిట్లిన చోటే రక్తం గడ్డకడుతుంది. సీఆర్‌పీ 10 దాటితే మాత్రం ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో వెతకాలి.

మరి ఆ వాపును మందుతో అణచివేస్తే? 10,061 మందిపై జరిగి, 2017లో ఫలితాలు వెలువడిన కాంటోస్ పరీక్షలో కానాకినుమాబ్ అనే మందు కొలెస్ట్రాల్ జోలికి పోకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలను కలిపి 15 శాతం తగ్గించింది. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. దాంతో చూపు చవకైన కోల్చిసిన్ అనే మందు మీద పడింది. మన అడవినాభి దుంపలో, గింజల్లో ఉండే విషమే అది. దుంప నేరుగా తింటే ప్రాణాలే పోతాయి. 2019లో కోల్‌కాట్ పరీక్ష ఆశలు రేపింది: గుండె సంబంధ ప్రమాదాలు 23 శాతం తగ్గాయి. కానీ 7,062 మందిపై జరిగి, 2024లో ఫలితాలు వెలువడిన క్లియర్ పరీక్షలో సీఆర్‌పీ దిగింది కానీ గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. కిడ్నీ జబ్బున్నవారికైతే ఈ మందే విషంగా మారవచ్చు. కాబట్టి ఆస్పిరిన్, స్టాటిన్ మానేసి దీని వైపు పరిగెత్తే పని ఎవరూ చేయకూడదు.