ఏతం ఎక్కే అయొడిన్

ఇందిరాపురం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. దసరా ముందు చేయించుకున్న రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలిందట. డాక్టరు మాత్ర రాసిచ్చారు. ఆ కబురు పొక్కిన దగ్గర్నుంచి ఆవిడకి సలహాల జడివాన. కింది ఫ్లాటు పంజాబీ ఆంటీ పరగడుపున ధనియాల నీళ్లు తాగమంది. ఆడపడుచు అశ్వగంధ చూర్ణం కొరియర్ చేసింది. యోగా క్లాసులో ఇంకొకావిడ ప్యాకెట్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడమంది. గోబీ పరాఠా, సర్సోం కా సాగ్ ముట్టుకోవద్దని మాత్రం అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. "ఢిల్లీ చలికాలంలో అవి రెండూ లేకపోతే ఇంక తినడానికేముందండీ? ఆవకాయలో ఉండేదీ ఆవపిండే కదా, అదీ మానేయాలా?" అని ఆవిడ ప్రశ్న.

ఆవకాయ జోలికొచ్చాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు పాఠం గబగబా ముగిద్దాం. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుకలా అతుక్కుని, పాతిక గ్రాములు కూడా తూగని గ్రంథి థైరాయిడ్. అది చేసే ముఖ్యమైన హార్మోన్లు టీ4, టీ3. ఆ అంకెలు ఒక్కో అణువులో ఎన్ని అయొడిన్ పరమాణువులున్నాయో చెబుతాయి. ఒంటి వేడి, గుండె వేగం, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల వీటి మీదే ఆధారపడ్డాయి. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయొడిన్ కావాలి. 70 ఏళ్ల బతుక్కీ కలిపి లెక్క వేసినా 4 గ్రాములు దాటదు, ఒక్క టీ చెంచాలో ఇమిడిపోతుంది. పాఠం అయిపోయింది. ఇంత కాస్త సరుకుని థైరాయిడ్ ఎలా చేజిక్కించుకుంటుందన్నదే అసలు కథ.

రక్తంలో అయొడిన్ అయొడైడ్ రూపంలో తిరుగుతుంది, అదీ చాలా పల్చగా. గ్రంథి కణాల్లో దానికి 20 నుంచి 40 రెట్లు చిక్కగా ఉంటుంది. పల్లంలో నీళ్లు మెరక చేలోకి వాటంతటవి పారవు కదా! ఉత్తరాంధ్రలో పూర్వం మెరక తడపాలంటే ఏతం ఎత్తేవారు. దూలం మీద మనుషులు ఒక కొసకి నడిస్తే ఆ బరువుకి అది కిందికి దిగేది, రెండో కొసన బొక్కెన నీళ్లతో పైకి లేచేది. థైరాయిడ్ కణం గోడలో అచ్చం అలాంటి ఏతమే ఉంది. సోడియం కణానికి బయట ఎక్కువ, లోపల తక్కువ. అందుకని సందు దొరికితే లోపలికి దిగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండు సోడియం అయాన్లు దిగితే, ఆ ఊపుతో ఒక అయొడైడ్ అయాన్ ఎక్కుతుంది. ఇద్దరు నడిస్తే ఒక బొక్కెన! లోపలికి దిగిన సోడియాన్ని మళ్లీ బయటికి తోలే పని ఇంకో పంపుది, ఒంటికి ఖర్చంతా అక్కడే. ఈ ఏతాన్ని తయారుచేసే జన్యువుని అమెరికాలో నాన్సీ కరాస్కో బృందం 1996లో పట్టుకుంది.

ఊళ్లో నీళ్లే లేకపోతే? హార్మోన్ తగ్గుతుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి అది కనిపెట్టి, టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపి గద్దిస్తుంది. ఆ గద్దింపుకి థైరాయిడ్‌లో ఏతాలు పెరుగుతాయి, కణాలు పెరుగుతాయి, చివరికి గ్రంథే ఉబ్బిపోతుంది. ఎండిన చెరువు చుట్టూ ఊరంతా ఏతాలు పాతుకున్నట్టు. హిందీవాళ్లు ఘేంఘా అనే గొంతువాపు పుట్టుక ఇదీ.

ఈ ఏతానికి ఒక లోపం ఉంది. బొక్కెనలో పడింది అయొడైడో, దాని పోలికలున్న మరొకటో దానికి తెలియదు. థయోసయనేట్ అనే అయాన్ ఉంది. దానికీ ఒకే రుణావేశం, పరిమాణమూ ఇంచుమించు అంతే. అది బొక్కెనలో చేరితే అయొడైడ్‌కి చోటు తగ్గుతుంది. ఈ అయాన్‌ని ఇచ్చే క్యాబేజీ, ముల్లంగి, ఆవాల కుటుంబం మీద వచ్చిన నిందకి మూలం ఇదే.

ఆ నింద పుట్టింది కుందేళ్ల దొడ్లో. 1928లో జాన్స్ హాప్కిన్స్‌లో అలన్ చెస్నీ బృందం సిఫిలిస్ మీద పరిశోధన చేస్తూ కుందేళ్లకి క్యాబేజీ మేపింది. చూస్తే వాటి మెడలు ఉబ్బాయి. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి! తర్వాత 1949లో ఆస్ట్‌వుడ్ బృందం ఈ కుటుంబం నుంచే గాయిట్రిన్ అనే పదార్థాన్ని వేరు చేసింది. దీని తీరు వేరు. ఏతం జోలికి పోకుండా, లోపలికి చేరిన అయొడిన్‌ని హార్మోన్‌గా మలిచే ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది.

అయితే ఆకులో ఇవి తయారుగా ఉండవు. ముడిసరుకు ఒక గదిలో, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మరో గదిలో ఉంటాయి. తరిగినా, నమిలినా, నూరినా గోడ కూలి రెండూ కలుస్తాయి. ఆవ పెట్టిన అరటికాయ కూర ముక్కుకెక్కేది ఆ కలయిక వల్లే. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. సర్సోం కా సాగ్ సన్నని సెగ మీద ఎంతసేపు కుతకుతలాడుతుందో ఢిల్లీవాళ్లకి చెప్పాలా! ఇక మోతాదు సంగతి. 2010లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు చూడండి. 88 ఏళ్ల చైనా ముసలావిడ షుగర్ తగ్గుతుందని బాక్ చోయ్ అనే ఆకుకూరని పచ్చిదే రోజుకి కిలో నుంచి కిలోన్నర దాకా, నెలల తరబడి తిన్నది. థైరాయిడ్ మూతపడి కోమాలోకి వెళ్లింది. కిలోన్నర పచ్చి కాలీఫ్లవర్ రోజూ నమిలేవాళ్లెవరైనా ఇందిరాపురంలో ఉంటే నాకు చెప్పండి.

గొంతువాపుకి కారణం వెతుకుతూ తప్పుదారి పట్టినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టుడు రాబర్ట్ మెకారిసన్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిల్గిత్‌లో సైనిక వైద్యుడు. ఒకే వాగు ఒడ్డున పై ఊళ్ల నుంచి కింది ఊళ్లకి పోయేకొద్దీ గొంతువాపులు పెరగడం గమనించాడు. పై ఊళ్ల మురికంతా కింది ఊళ్లు తాగుతున్నాయి కనుక ఇది నీటిలోని క్రిముల పనే అనుకున్నాడు. ఆ నీటి మడ్డిని తనే తాగాడు, మరికొందరి చేతా తాగించాడు. కొందరి మెడలు ఉబ్బాయి కూడా! ఆ గుండెధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ అసలు లోటు ఆ నేలలోనే ఉంది. యుగాల తరబడి మంచూ వానలూ హిమాలయాల మట్టిలోని అయొడిన్‌ని కడిగి సముద్రానికి పంపేశాయి.

ఈ మెకారిసనే కూనూరులో పోషకాహార ప్రయోగశాలని స్థాపించాడు. తర్వాత హైదరాబాద్ తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థగా మారింది అదే. కూనూరులో పనిచేసిన యువకుల్లో ఒకరు వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత 1969 నుంచి పదేళ్లు ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టర్‌గా ఉన్నాయన. గురుపీఠం తప్పుని శిష్యుడు దిద్దాడనుకోండి. 1956లో హిమాలయాల ఒడిలోని కాంగ్డా లోయలో సుమారు లక్షమంది జనాన్ని మూడు మండలాలు చేశారు. రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. మొదట్లో మూడుచోట్లా మూడో వంతుకు మించిన జనానికి గొంతువాపు ఉంది. ఆరేళ్లు తిరిగేసరికి అయొడిన్ ఉప్పు తిన్న చోట అది సుమారు సగానికి పడిపోయింది, తినని చోట ఎక్కడిదక్కడే ఉంది. ఆ వెంటనే మూడో మండలానికీ ఆ ఉప్పే ఇచ్చారు. జాతీయ గాయిటర్ (గొంతువాపు) నియంత్రణ కార్యక్రమం మొదలైంది కూడా 1962లోనే.

"సముద్రపు ఉప్పులో అయొడిన్ ఉండదా?" అంటారు. లెక్క చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పు, 60 మైక్రోగ్రాములకు మించని అయొడిన్. అంతా మిగిలినా గ్రాము ఉప్పుకి 2 మైక్రోగ్రాములు రావు. మడిలో ఉప్పు పేరేటప్పుడు అందులోనూ చాలా భాగం పోతుంది. మన దేశంలో అమ్మే ఉప్పులో గ్రాముకి కనీసం 15 ఉండాలని నియమం. రామలింగస్వామి సొంత జిల్లాలోని నౌపడ ఉప్పు కొఠార్లలో పండేదైనా, విడిగా అయొడిన్ కలపనిదే మెడని కాపాడదు.

ఇక సైంధవ లవణం. ఉప్పు పరీక్షించే చిన్న సీసా ఒకటి నా దగ్గరుంది. వంటింట్లో రెండు సాసర్లు పెట్టాను. నవ్వే సూర్యుడి గుర్తున్న ప్యాకెట్ ఉప్పు మీద ఒక చుక్క వేస్తే నేరేడుపండు రంగు తిరిగింది. మార్కెట్లో ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్న గులాబీ ఉప్పు మీద వేస్తే చుక్క చుక్కలాగే ఇంకిపోయింది. హిమాలయాల పేరు పెట్టి ఉప్పమ్మడం, కరువు సీమ పేరు పెట్టి మంచినీళ్లు అమ్మినట్టుంది! 2000లో కేంద్రం కూడా అయొడిన్ లేని ఉప్పు మీద నిషేధం ఎత్తేసి, 2005లో నాలుక కరుచుకుని మళ్లీ పెట్టింది.

మూలికల గురించి రాయకపోతే ఊరుకోరు కనుక రాస్తున్నాను. అశ్వగంధతో 2018లో ఒక పరీక్ష జరిగింది. 50 మంది, 8 వారాలు, హార్మోన్ అంకెలు మెరుగయ్యాయి. అంత చిన్న పరీక్షతో పండగ చేసుకోలేం. పైగా అదే మూలికతో హార్మోన్ హద్దు మీరి గుండెదడ వచ్చిన కేసులూ ఉన్నాయి. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా దాని జోలికి పోకూడదు. ధనియాల నీళ్లు దాహం తీరుస్తాయి. సముద్రపు నాచు మాత్రలు ఇంకా ప్రమాదం. అయొడిన్ ముంచెత్తితే గ్రంథి పని ఆపేస్తుందని వుల్ఫ్, చైకాఫ్ 1948లోనే చూపించారు.

పైగా ఇప్పటి జబ్బు వేరు. ఢిల్లీ, హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో చూసి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దల్లో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించి ఉంది. అయొడిన్ చాలినంత దొరికే చోట దీనికి ముఖ్య కారణం హషిమోటో జబ్బు, అంటే ఒంటి రక్షణ దళమే గ్రంథి మీద పడటం. దాన్ని ఏ కూరా తేలేదు, ఏ ఆకూ దించలేదు. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ కాసేపు ఆగాలి, కాల్షియం, ఐరన్ మాత్రలు కొన్ని గంటలు ఆగాలి. ఆ సలహా ఎవరూ ఇవ్వరు, రుచిగా ఉండదు కనుక.

కాబట్టి ఇందిరాపురం అమ్మగారూ, సాగ్ తినండి, పరాఠా తినండి. ఆవకాయలో ఆవపిండికి భయపడకండి, అన్నంలో కలిపే ముద్దకి అదెంతని! నా ప్రశ్న ఒక్కటే. ఆవకాయకి మనవాళ్లు వెతికి మరీ కల్లుప్పు తెచ్చి కొడతారు కదా, పచ్చడి పాడవుతుందని ప్యాకెట్ ఉప్పుని దగ్గరికి రానివ్వరు. జాడీలో అది ఉండనివ్వండి. పొయ్యి పక్కన ఉప్పు డబ్బాలో ఉన్నదేమిటో మాత్రం ఓసారి చూడండి.