కుదురులేని కాళ్ళు – నెత్తురులోని ఇనుము

రాత్రి మేను వాల్చగానే కాళ్ళలో ఏదో పాకుచున్నట్లును, లోపలినుండి లాగుచున్నట్లును, కదల్పక తీరనట్లును తోచుట కొందఱకు కలదు. లేచి నాలుగడుగులు వేసినచో నెమ్మదించును. మరల పండుకొనినంతనే మొదలగును. ఇంటివారు దీనిని వాతమందురు, ముసలితనపు పీకులందురు. కూర్చుండి కాళ్ళూపిన దరిద్రమని పెద్దలు మందలించుటయు మన యిండ్లలో నున్నదే. కాని యిది దురలవాటు కాదు; పేరుగల వ్యాధి. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అను వైద్యుడు 17వ శతాబ్దముననే దీనిని వర్ణించెను. స్వీడను దేశపు వైద్యుడగు ఎక్‌బోమ్ 1945లో దీనిపై గ్రంథము వ్రాసి, కుదురులేని కాళ్ళు అను పేరును స్థిరపఱచెను.

నేను వైద్యుడను గాను. పంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఈ విషయమున మాటలాడుటకు నాకు కారణము కలదు. నా నెత్తురులో ఎఱ్ఱకణములు మితిమీరి పుట్టు జబ్బున్నది. దాని చికిత్సవలననే నా యొడలి ఇనుము తరిగినది. ఇనుము తరుగుటతో కాళ్ళ కుదురు తప్పినది. ఇనుము తక్కువైన ఇనుము మాత్ర మ్రింగవలెననుట అందఱెఱిగిన మాట. నావంటివారి యెడ ఆ మాటయే ప్రాణము మీదికి తేగలదు. అది యెట్లో మనవి చేసెదను.

ఈ రక్తవ్యాధికి పాలిసైథీమియా వేరా యని పేరు. ఫ్రాన్సులో వాకే అను వైద్యుడు 1892లోను, పిమ్మట ఆస్లర్ 1903లోను దీనిని వర్ణించిరి. వ్యాధిగ్రస్తులలో మిక్కిలి పెక్కుమందికి జాక్-2 అను జన్యువులో, పుట్టుకతో గాక జీవితము నడుమ కలిగిన మార్పు ఉండునని 2005లో తెలిసినది. ఇది అంటువ్యాధి కాదు. ఎముకల మూలుగ అదుపు తప్పి ఎఱ్ఱకణములను పుట్టించుచు పోవును, రక్తము చిక్కబడును. చిక్కబడిన రక్తము నాళములలో గడ్డకట్టినచో పక్షవాతమో గుండెపోటో సంభవింపవచ్చును.

కావున వైద్యులు అప్పుడప్పుడు నెత్తురు తీయుదురు. నూఱు పాళ్ళ రక్తములో ఎఱ్ఱకణముల పాలెంతయో తెలుపు లెక్కకు హెమటోక్రిట్ అని పేరు. దానిని 45కు లోపల నుంచుట వారి గుఱి. ఇటలీ వైద్యులు 2013లో ప్రకటించిన పరిశోధనలో, 45కు లోపల నుంచినవారికంటె 45 మొదలు 50 వఱకు విడిచినవారిలో గుండె, నాళముల మరణములును పెద్ద గడ్డలును దాదాపు నాలుగు రెట్లుగా కనబడినవి.

ఇక ఇనుము జమాఖర్చు చూడుడు. పెరిగిన మనిషి యొడలిలో ఇనుము మొత్తము 3 లేక 4 గ్రాములు మాత్రమే. ఒక తూరి తీయు 450 మిల్లీలీటర్ల నెత్తురుతో 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము వెడలిపోవును. తిన్న తిండి నుండి దినమునకు ఒడలికి పట్టునది 1 లేక 2 మిల్లీగ్రాములు. ఒక్కసారి పోయినది తిరిగి చేరుటకు నెలలు పట్టును. ఈలోపల మరల తీయవలసివచ్చును. వైద్యులీ సంగతి నెఱుగుదురు. ఇనుము చాలకున్న మూలుగ కణములను విరివిగా పుట్టింపజాలదు గనుక, ఆ కొఱతయే దానికి కళ్ళెమని యెంచి యూరకుందురు.

మూలుగకు కళ్ళెమైనది మెదడునకు మాత్రము కఱవగును. మన కదలికలను దిద్దు డోపమైన్ అను పదార్థము మెదడులో తయారగుటకు ఇనుము కావలెను. ఆ ఇనుము తగ్గినవారిలో పెక్కుమందికి సాయంకాలము మొదలు కాళ్ళు కుదురుతప్పును. నిద్ర చెడును, పగలు నీరసించును. ఇట్టివాడు దుకాణమునకు పోయి ఇనుము మాత్రలు కొని తినినచో, కొలది వారములలోనే మూలుగ కళ్ళెము తెంచుకొని కణములను పుట్టించును. హెమటోక్రిట్ 45 దాటును. గడ్డకట్టు భయము తిరిగి వచ్చును. నిద్రకొఱకు ప్రాణము నొడ్డుటా, ప్రాణము కొఱకు నిద్ర మానుటా యను చిక్కు ఇదియే.

చిక్కు విడదీయు మార్గము లేకపోలేదు. మొదట కొలత కావలెను. ఒడలిలో దాచిన ఇనుమును తెలుపునది ఫెరిటిన్ పరీక్ష. కుదురులేని కాళ్ళు గలవారిలో అది 75కు మించకున్న ఇనుమిచ్చుట మేలని నిద్రవైద్యులు తలంతురు. అయితే ఒడలిలో వాపో జ్వరమో యున్నచో ఫెరిటిన్ ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును. అందుచేత ట్రాన్స్‌ఫెరిన్ శాతమును గూడ చూతురు. పిమ్మట రక్తవైద్యుడు రెండు విధముల నడువవచ్చును. కణముల పుట్టుకను తగ్గించు హైడ్రాక్సీయూరియా వంటి మందిచ్చి నెత్తురు తీయుటను తగ్గించుట ఒకటి. అప్పుడు తిండిలోని ఇనుమే మెల్లమెల్లగా నిలువ చేరును. హెమటోక్రిట్‌ను తఱచుగా కొలచుచు కొంచెము కొంచెముగా ఇనుమిచ్చుట రెండవది. నాకు మొదటి మార్గమునే పట్టిరి. నెత్తురు తీయుట యేడాదికి ఒకటి రెండు మారులకు దిగినది. ఫెరిటిన్ 8 నుండి 40కి చేరుటకు ఏడాదికి పైగా పట్టినది. కాళ్ళ బాధ పూర్తిగా పోలేదు గాని, రాత్రి రెండు గంటల వఱకు వసారాలో తిరుగు పని తప్పినది.

మఱియొక సంగతి. ఈ రక్తవ్యాధి గలవారికి స్నానమైన పిదప ఒడలంతయు దురద పుట్టుట కలదు. దురదకని తిను మత్తెక్కించు పాత రకపు ఎలర్జీ మాత్రలు కాళ్ళ బాధను హెచ్చించును. వాంతులకిచ్చు మెటోక్లోప్రమైడ్, మనోవ్యాకులతకిచ్చు కొన్ని మందులును అట్టివే. తమంత తాము మానరాదు; వైద్యునికి చెప్పి మార్పించుకొనవలెను. సాయంకాలము కాఫీ, తేనీరు, సారాయి విడుచుట, పిక్కలు మర్దించుట, పండుకొనుటకు ముందు కొంత నడచుట కొందఱకు ఉపకరించును. ఇవి చాలనప్పుడు గాబాపెంటిన్ వంటి మందులిత్తురు. డోపమైన్ జాతి మందులు దీర్ఘకాలము వాడిన బాధను పెంచునని తెలియుటచే, 2025 నాటి అమెరికా నిద్రవైద్యుల సూచనలు వానిని మామూలుగా వాడవద్దన్నవి.

కాళ్ళ బాధ లన్నియు నొకటి కావు. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినచో అది కొంకరలు. పాదములు ఎఱ్ఱబడి మండుచు చల్లదనమునకు శాంతించినచో అది ఈ రక్తవ్యాధిలోనే వచ్చు వేఱొక బాధ. దానికి వైద్యులు ఆస్పిరిన్ ఇత్తురు. ఒక్క కాలే వాచి, వేడెక్కి, నొప్పి పెట్టినచో నాళములో గడ్డ కావచ్చును; తెల్లవాఱు వఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను. ఆస్పిరిన్ తినువారికి మలము నల్లబడినచో కడుపులో నెత్తురు పోవుచున్నదేమో చూపించుకొనవలెను.

ఈ మాటలు విని ఆరోగ్య కేంద్రమువారు గర్భిణులకును పిల్లలకును ఇచ్చు ఇనుము మాత్రలను వలదనకుడు. వారికవి మేలు. కాని రక్తవ్యాధులలో ఇనుము లెక్క వేఱు. తలసీమియా గల బిడ్డలకు మాటిమాటికి రక్తమెక్కింతురు. ఆ యొక్కొక సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోనికి చేరి గుండెను, కాలేయమును చెఱచును. ఇనుమును వెడలించుటకే వారికి మందు. నాకు నెత్తురుతో ఇనుము పోవుచున్నది, వారికి నెత్తురుతో ఇనుము వచ్చుచున్నది. ఇరువురును పాలిపోయినట్లు కనబడవచ్చును. కావున మీ యింట రక్తవ్యాధి గలవారు కాళ్ళు పీకుచున్నవన్నచో, బలమునకని మాత్రలు తెచ్చి యీయకుడు. వారి పాత పరీక్షల కాగితములు చేతబట్టించి, రక్తవైద్యునికడకు ఫెరిటిన్ పరీక్షకు తోడ్కొనిపొండు.