వేణ్ణీళ్ళు రాని గీజరు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



చలికాలం వచ్చిందంటే మన ఇళ్ళలో తెల్లవారుతూనే వినబడే మాట ఒకటుంది. "అమ్మా, నీళ్ళు కాగలేదు!" ఒకప్పుడు పెరట్లో రాగి బాయిలరు ఉండేది. నీళ్ళు కాగలేదంటే కారణం కోసం వెతకనక్కరలేదు. పుల్లలైనా తడిసి ఉండాలి, బొగ్గులైనా నిండుకుని ఉండాలి. అంతా కళ్ళెదుటే. ఇప్పుడు స్నానాలగదిలో నెత్తిమీద తెల్లగా గీజరు వేలాడుతోంది. లోపల ఏం జరుగుతోందో మనకి తెలియదు. అందుకని కాస్త తేడా రాగానే మెకానిక్కుని పిలవడం, అతను అడిగినంతా ఇవ్వడం మనకి అలవాటైపోయింది.

రెండేళ్ళ క్రితం సంక్రాంతి నెలలో మా ఇంట్లో ఇదే జరిగింది. గీజరు నీళ్ళు గోరువెచ్చన దాటి రావడం లేదు. మెకానిక్కు వచ్చి ఎలిమెంటు పోయిందన్నాడు, మార్చాడు. నీళ్ళలో మార్పు లేదు. మళ్ళీ వచ్చి థర్మోస్టాటు మార్చాడు. అయినా అంతే. ఈ పదిహేను రోజులూ మా అత్తగారు ఆ నీళ్ళే పోసుకుంటున్నారు. "నీళ్ళు వేడిగా ఉన్నాయా అత్తయ్యా?" అని అడిగితే "ఆఁ, బాగానే ఉన్నాయిలే అమ్మా" అనేవారు. ఎనభై దాటిన మనిషి. ఒకరోజు పొద్దున తువ్వాలు అందిస్తుంటే ఆవిడ చెయ్యి తగిలింది. మంచుముద్దలా ఉంది, వణుకుతోంది. నాకు సిగ్గేసింది. తీరా చూస్తే లోపం గీజరులో లేనే లేదు! ఎక్కడుందో తరువాత చెబుతాను. ఆ రోజునుంచీ గీజరు సంగతి కాస్త తెలుసుకోవాలని పట్టుబట్టాను. తెలుసుకున్నాక అర్థమయిందేమిటంటే, నీళ్ళు ఎలా వస్తున్నాయో సరిగ్గా గమనిస్తే జబ్బు ఏమిటో సగం తెలిసిపోతుంది.

ముందు గీజరు లోపల ఏముంటుందో చూద్దాం. ఫ్లాస్కులాగా వేడి బయటికి పోకుండా చుట్టూ దిట్టంగా కప్పిన ఒక డ్రమ్ము. అందులో ఎలిమెంటు. అది మన ఇమ్మర్షన్ రాడ్డుకి సొంత చెల్లెలే. నీళ్ళు కావలసినంత కాగగానే కరెంటు ఆపేది థర్మోస్టాటు. చన్నీళ్ళు అడుగున ప్రవేశిస్తాయి. వేణ్ణీళ్ళు తేలిక కనుక పైకి చేరతాయి. పైనుంచే గొట్టంలోకి దిగి మన కొళాయికి వస్తాయి. ఇంతే.

ఒక లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. 15 లీటర్ల గీజరు, 2000 వాట్ల ఎలిమెంటు అనుకుందాం. 25 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకి రావడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. చలికాలంలో ట్యాంకు నీళ్ళు మరీ చల్లగా ఉంటాయి కాబట్టి మరో నాలుగైదు నిమిషాలు కలుపుకోవాలి. ఆ 15 లీటర్లలో చన్నీళ్ళు తొలుపుకుంటే ఒంటికి సరిపోయే నీళ్ళు 30 నుంచి 35 లీటర్లు, అంటే దాదాపు రెండు బకెట్లు వస్తాయి. ఇద్దరు స్నానం చేసిన వెంటనే మూడోవారు "గీజరు పాడైంది" అంటే, పాపం, గీజరు తప్పు కాదు. ఇరవై నిమిషాలు ఆగమనండి.

ఇక జబ్బుల సంగతి. ఒక్క హెచ్చరిక ముందే చెబుతాను. మన పని కంటితో, చెవితో, చేత్తో చూడటం వరకే. గీజరు మూత విప్పడం మన పని కాదు. నీళ్ళూ కరెంటూ ఒకేచోట ఉన్నాయని మరచిపోవద్దు.

మొదటిది, నీళ్ళు బొత్తిగా కాగకపోవడం. గీజరు మీది దీపం చూడండి. దీపమే వెలగలేదంటే కరెంటు గీజరు దాకా రావడం లేదేమో. బోర్డులో ఎం.సి.బి. పడిపోయిందా, ప్లగ్గు వదులైందా చూడండి. ప్లగ్గు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా ఇక స్విచ్చి వెయ్యకండి. కొన్ని గీజర్లకి రెండు దీపాలుంటాయి. ఒకటి కరెంటు వచ్చిందని చెప్పేది, రెండోది నీళ్ళు కాగుతున్నాయని చెప్పేది. మొదటిది వెలిగి, నీళ్ళు చల్లగా ఉన్నా రెండోది వెలగకపోతే అనుమానం థర్మోస్టాటు మీద. రెండోది వెలుగుతూనే ఉండి గంటైనా నీళ్ళు కాగకపోతే అనుమానం ఎలిమెంటు మీద. మెకానిక్కుతో ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, మీతో అతను మాట్లాడే తీరే మారిపోతుంది.

స్విచ్చి వేసినప్పుడల్లా ఎం.సి.బి. గానీ, షాకు కొట్టకుండా కాపాడే ఆర్.సి.సి.బి. గానీ పడిపోతుంటే, మళ్ళీ మళ్ళీ పైకి నెట్టకండి. ఎలిమెంటు చిట్లి నీళ్ళలోకి కరెంటు దిగుతోందేమో! కొళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమన్నా సరే, వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఎర్తు సరిగా లేని ఇంట్లో గీజరు పెట్టడమంత పొరపాటు మరొకటి లేదు.

రెండోది, కాగడం కాగుతాయి కానీ ఆలస్యంగా. దీనికి మనం అనుకోని కారణం వోల్టేజి. 230 ఉండవలసిన వోల్టేజి 180కి పడిపోయిందనుకోండి, ఎలిమెంటు ఇచ్చే వేడి నాలుగోవంతు కాదు, దాదాపు నలభై శాతం తగ్గిపోతుంది. ఇరవై నిమిషాల పని అరగంట దాటుతుంది. అందరూ ఒకేసారి గీజర్లు వేసే పొద్దుటిపూటే ఇలా జరిగి, మధ్యాహ్నం మామూలుగా కాగుతుంటే, మెకానిక్కుకి డబ్బు ఇవ్వనక్కరలేదు.

మరో శత్రువు బోరునీళ్ళు. నీళ్ళు కాచే గిన్నెలో అడుగున తెల్లగా గార కడుతుంది చూశారా, అదే గార ఎలిమెంటు చుట్టూ కంబళిలా పేరుకుంటుంది. ఎలిమెంటు తన వేడిని నీళ్ళకి అందించలేక తనే మాడిపోతుంది. హైదరాబాదులో మంజీరా నీళ్ళతో, కృష్ణా నీళ్ళతో సరిపెట్టుకునే ఇంటికీ, అచ్చంగా బోరు మీదే బతికే అపార్టుమెంటుకీ ఈ విషయంలో చాలా తేడా. గీజరు వేయగానే లోపల చిటపటలు వినిపించినా, బకెట్టులో తెల్లటి పెచ్చులు కనిపించినా గార కట్టిందని గుర్తు. బోరునీళ్ళ వారు ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించుకోవడం మంచిది. అప్పుడే యానోడు కడ్డీ కూడా చూడమనండి. మెగ్నీషియంతో చేసిన ఆ కడ్డీ తను అరిగిపోతూ డ్రమ్ము తుప్పుపట్టకుండా కాపాడుతుంది. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు డ్రమ్ము మీద పడుతుంది. అన్నట్టు, 60 డిగ్రీల మీద పెట్టినకొద్దీ గార త్వరగా కడుతుంది.

మూడోది, రెండు చెంబులు వేడిగా వచ్చి వెంటనే చల్లబడిపోవడం. ఇల్లు మారినప్పుడో, గొట్టాలు మార్చినప్పుడో గీజరు మళ్ళీ బిగించాక ఇది మొదలైతే, చన్నీళ్ళ గొట్టం వేణ్ణీళ్ళ వైపూ, అది ఇటువైపూ తారుమారు చేసి ఉంటారు. నీలం రంగు గుర్తు ఉన్నది చన్నీళ్ళు వచ్చే దారి, ఎరుపు వేణ్ణీళ్ళు పోయే దారి. కింద నిలబడి చూసినా తెలుస్తుంది. ఇక అప్పటికప్పుడు కాచి ఇచ్చే చిన్న గీజరు అయితే, కొళాయి సన్నగా తిప్పండి. 3000 వాట్ల గీజరు నీళ్ళని 20 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి రెండు లీటర్లకి కాస్త ఎక్కువ మాత్రమే ఇవ్వగలదు. ధార పెంచితే వేడి తగ్గుతుంది.

నాలుగోది మా ఇంటి జబ్బు. దీపం సరిగ్గా వెలిగి సరిగ్గా ఆరుతుంది. గీజరు నుంచి దిగే గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. కొళాయిలో మాత్రం గోరువెచ్చనే. మెకానిక్కు చేతులెత్తేశాక, పక్కింటివారు పంపగా ఒక పెద్దాయన వచ్చాడు, ప్లంబరు. గీజరు స్విచ్చి ఆపించాడు. గీజరుకి చన్నీళ్ళు పోయే దారిలోని కాకు కట్టేశాడు. వేణ్ణీళ్ళ కొళాయి తిప్పాడు. నాలుగు చుక్కలు కారి ఆగిపోవలసిన నీళ్ళు ధారగా వస్తూనే ఉన్నాయి. "గీజరుకి నీళ్ళు ఆపేశాను కదమ్మా, మరి ఈ నీళ్ళెక్కడివి?" అన్నాడు.

నేరుగా పిల్లల స్నానాలగదిలోకి వెళ్ళాడు. ఆ గదికీ ఇదే గీజరు. అక్కడ చేతిషవరు ఉంది. పిల్లలు స్నానం చేసి షవరు పిడి దగ్గర నీళ్ళు ఆపేస్తున్నారు, గోడమీది వేడి, చల్ల మరలు రెండూ తెరిచే వదిలేస్తున్నారు. ఆ దారిన చన్నీళ్ళు వేణ్ణీళ్ళ గొట్టంలోకి చొరబడి అత్తగారి బకెట్టులోకి వస్తున్నాయి! రెండు మరలూ కట్టేశాడు. అంతే, వైద్యం అయిపోయింది. మరలు కట్టేసినా నీళ్ళు ఆగకపోతే లోపలి వాషరు అరిగిందన్నమాట. ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు. అయ్యాక గీజరు కాకు తెరవడం మరచిపోకండి. ట్యాంకు ఖాళీ అయినప్పుడు కూడా వేణ్ణీళ్ళ కొళాయిలో ధార నిండుగా వచ్చాకే స్విచ్చి వేయండి. నీళ్ళు లేకుండా వేస్తే ఎలిమెంటు కాలిపోతుంది.

గీజరు పక్కనున్న సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కాగేటప్పుడు చుక్కలు రాలితే కంగారుపడి గుడ్డ కుక్కకండి. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అది. గ్యాసు గీజరు ఉన్నవారికి ఇంకో మాట. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో అది వెలిగితే వాసన లేని విషవాయువు పేరుకుని ప్రాణం తీస్తుంది. దాన్ని స్నానాలగది బయట, గాలి ఆడేచోటే పెట్టించండి.

సోదరీమణులారా, ఎలిమెంటుకీ థర్మోస్టాటుకీ మేము పెట్టిన ఖర్చు పెద్దది కాదు, ఎప్పుడో మరచిపోయాను. ఆ చల్లటి చెయ్యి మాత్రం మరచిపోలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు నీళ్ళు బాగాలేవని చెప్పరు, మనకి పని పెట్టడం ఇష్టం లేక. అందుచేత వాళ్ళని అడిగి ఊరుకోకండి. బకెట్టులో మీ చెయ్యి పెట్టి చూడండి. గీజరుకి అన్నిటికన్నా మంచి పరీక్ష అదే.

ఇక సెలవు.